సైన్యం వేలం వేసిన లారీ మీద ఇల్లు కట్టుకోవచ్చునా? కోనసీమ నుంచి ఒక ప్రశ్న

రాజోలు మాస్టారు రాశారు:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర వశిష్ఠ గట్టుకు ఆనుకొని ఉన్న ఊరు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి కిందటేడు పదవీ విరమణ చేశాను. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. లాడ్జీల మెట్లు ఎక్కలేదు, బయటి తిండి పడదు. అయినా అరకు చూడాలని, అటు నుంచి బస్తరు అడవుల మీదుగా జగదల్‌పూర్ దాకా వెళ్ళాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. మంచం, వంటగది, స్నానాల గది మాతోనే ప్రయాణించే బండి ఒకటి ఉంటే బాగుంటుందని ఇద్దరం అనుకున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా వీధిలోకి నీళ్ళు వచ్చాయి, మేము నాలుగు రోజులు ఊరవతల బంధువుల మేడ మీద గడిపాం. ఇల్లే కదిలి మెరక మీదికి పోగలిగితే ఎంత బాగుండునని అప్పుడే అనిపించింది.

తెలిసిన వ్యాపారి ఒకరు సైన్యం వాడి అమ్మేసిన పాత శక్తిమాన్ లారీ చూపించారు. నడుస్తోంది, ధర కూడా తక్కువే. మా అబ్బాయి మాత్రం ప్రభుత్వ వేలం సంస్థ ఎంఎస్‌టీసీ వేలంలో స్టాలియన్ అనే సైనిక లారీ కోసం చూడమంటున్నాడు. బండి మీద 14 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గల గది కట్టించాలని నా ఆలోచన. గోడలకు 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు, మా దొడ్లో కొట్టించిన టేకుతో బీరువాలు, వంటగట్టుకు గ్రానైటు, 400 లీటర్ల నీళ్ళ ట్యాంకు, ఒక టన్ను ఏసీ అనుకున్నాను. ఈ లెక్కలో పొరపాటు ఎక్కడుందో, కాగితాల సంగతి ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

గూడెం హవల్దార్ రాశారు:

మాస్టారూ, నమస్కారం. నేను సైన్యంలో ఇరవై రెండేళ్ళు వాహనాల మెకానిక్కుగా పనిచేసి తాడేపల్లిగూడెం దగ్గర స్థిరపడ్డాను. మీరు చెప్పిన రెండు బండ్ల కిందా పడుకొని పని చేసినవాణ్ణి కాబట్టి ఈ రెండింటి గురించీ నమ్మకంగా చెప్పగలను.

శక్తిమాన్ అంటే నాకు ఎంతో గౌరవం. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్ వాహన కర్మాగారంలో తయారై, మంచు కొండల మీదా ఎడారిలోనూ దశాబ్దాల పాటు సైన్యాన్ని మోసిన బండి అది. కానీ దాని తయారీ 1996 ప్రాంతంలోనే ఆగిపోయింది. అంటే మీకు దొరికే వాటిలో చివరిది కూడా ముప్ఫై ఏళ్ళకు దగ్గర పడినదే. ఇంజిను ఈ రోజు నడుస్తుంది. రేపు గేర్‌బాక్సులో ఒక పళ్ళ చక్రం పోతే దాని కోసం మీరు ఏ ఊరు వెళతారన్నదే అసలు ప్రశ్న. భార్యను వెంటబెట్టుకొని అడవి దారుల్లో తిరగాలనుకునే వారికి నేను దాన్ని సిఫారసు చేయలేను. స్టాలియన్ అశోక్ లేలాండ్ వారిది. దాని హినో ఇంజిను కుటుంబం ఆ కంపెనీ మామూలు లారీలలోనూ బస్సులలోనూ తిరిగినదే కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో పని తెలిసిన చేతులు దొరుకుతాయి. అది కచ్చా నేల మీద 5 టన్నులు, రోడ్డు మీద ఏడున్నర టన్నులు మోసే తరగతి బండి. మీ ఇద్దరికి ఇంకా చిన్నదే చాలనుకుంటే రెండున్నర టన్నుల తరగతిలో టాటా ఎల్‌పీటీఏ 713 ఉంది. మన ఊళ్ళ సందులను తలచుకుంటే నా మనసు దాని వైపే మొగ్గుతుంది.

బండి వయసు తెలుసుకోవడానికి వ్యాపారి మాట అక్కర లేదు. సైనిక నంబరులో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది, దాని తరువాతి రెండు అంకెలు బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరం. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది, అందులో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. గాడి నిండుగా కనిపించినా డిపోలో ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడిన టైరు లోపల పగిలి ఉంటుంది. గొట్టాలు, ఆయిల్ సీళ్ళు, బ్రేకు రబ్బర్లు అన్నీ అంతే. నిలబడిన బండికి రబ్బరు మొత్తం మార్చే ఖర్చును కొనుగోలు ధరలోనే కలిపి లెక్క వేసుకోండి. రిమ్ముకు విడిగా తాళపు రింగు ఉన్న చక్రమైతే గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి కొట్టించండి. ఆ రింగు ఎగిరితే మనిషి బతకడు. రోడ్డు పక్క పంక్చర్ షాపులో దాన్ని తేలికగా తీసుకోనివ్వకండి.

ఇక కాగితాలు. బండి కంటే ముందు చూడవలసినవి ఇవే. సైనిక వాహనాల నమోదు 1988 మోటారు వాహనాల చట్టంలోని 60వ సెక్షను కింద వేరుగా జరుగుతుంది. రక్షణ పనుల నుంచి తప్పుకున్న బండిని రాష్ట్రంలో మామూలు పద్ధతిలో మళ్ళీ నమోదు చేయించాలి. దానికి ఫారం 20 దరఖాస్తుతో పాటు సైనిక అధికారులు ఫారం 21లో ఇచ్చిన అసలు అమ్మకపు పత్రం కావాలి. వ్యాపారి దగ్గర ఆ అసలు పత్రం లేకపోతే ఆ శక్తిమాన్ ధర ఎంత తక్కువైనా మీకు అది ఇనుము మాత్రమే. వేలంలో కొన్ని బండ్లను కేవలం తుక్కు కోసమే అమ్ముతారు. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కుకే పోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది, దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత పనుల ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. కాబట్టి లాటు షరతుల్లో తిరిగి నమోదుకు అనుమతి ఉందో లేదో చదవనిదే బయానా కట్టకండి.

మార్పుల సంగతి 52వ సెక్షనులో ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. సొంత వాడకపు క్యాంపర్ వాహనం రవాణాయేతర వాహనాల జాబితాలో ఉంది, మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణమూ ఉంది. మీరు గీసిన పటం పట్టుకొని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఈ బండిని ఈ రూపంలో నమోదు చేస్తారా అని రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే జవాబు తీసుకోండి. బాడీకి ఒక్క రేకు కొట్టించడం కూడా ఆ తరువాతే. సైనిక ఆకుపచ్చ రంగును మాత్రం మార్చి తీరాలి. రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇతరులకు ఆ రంగు నిషిద్ధం. లైసెన్సు కూడా చూసుకోండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటితే మీ కారు లైసెన్సు సరిపోదు.

కాలువగట్టు రాశారు:

మాది భీమవరం. ఆరేళ్ళ క్రితం నేను ఇటువంటి బండే కట్టించుకొని మొదటి బాడీని పాడుచేసుకున్నాను, కాబట్టి బాడీ గురించి నా అనుభవం చెబుతాను.

బాడీ షెడ్డులో మేస్త్రీ మామూలు లారీకి చేసినట్టే నా గదిని చాసీకి, అంటే లారీ అడుగు ఇనుప చట్రానికి, వరసగా యూ బోల్టులతో బిగించేశాడు. చూడడానికి కొండలా ఉంది. మారేడుమిల్లి ఘాటు ఎక్కి దిగి వచ్చేసరికి తలుపు మూసుకోవడం మానేసింది, ఒక మూల అతుకు జానెడు పొడవున చీలింది. కారణం తరువాత తెలిసింది. నులక మంచం ఒక కోడు కింద ఇటుక పెట్టి చూడండి, పట్టెలు మెలి తిరుగుతాయి. సైనిక లారీ చాసీని కూడా అలా మెలి తిరిగేటట్టే తయారు చేస్తారు, గతుకుల్లో నాలుగు చక్రాలూ నేలకు అంటుకొని ఉండేది అందువల్లనే. దాని మీద మెలి తిరగలేని పెట్టెను బిగిస్తే ఏదో ఒకటి విరగాలి. అందుకని గదికి దాని సొంత అడుగు చట్రం విడిగా ఉండాలి. ఆ చట్రాన్ని చాసీకి వెనక భాగంలో గట్టిగా బిగించి, ముందు భాగంలో బలమైన స్ప్రింగులు వేసిన బోల్టులతో పట్టి ఉంచితే, చాసీ మెలి తిరిగినప్పుడు చట్రం దాని నుంచి కొంచెం లేచి మళ్ళీ కూర్చుంటుంది. రెండో సారి ఇలాగే చేయించాను, ఇప్పటి వరకు ఒక్క అతుకు వదలలేదు. డ్రైవరు క్యాబిన్ నుంచి గదిలోకి దారి పెట్టాలనుకుంటే ఆ సందులో ముడతలు పడే రబ్బరు గొట్టం ఉండాలి, రేకుతో కలిపేయకూడదు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి బరువు లెక్క ఇక్కడే వేద్దాం. మీ గది ఆరు ముఖాల వైశాల్యం సుమారు 43.5 చదరపు మీటర్లు. 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 16 కిలోలు, అంటే చట్రం, లోపలి పలకలు ఏవీ లేకుండానే రేకు ఒక్కటే 680 కిలోల పైచిలుకు. అదే 40 మిల్లీమీటర్ల ఫోముకు రెండు వైపులా పలచటి ఫైబర్ పలక అంటించిన ప్యానెల్ అయితే చదరపు మీటరుకు ఏడు కిలోలకు మించదు, మొత్తం 300 కిలోలతో గోడా, వేడి ఆపే పొరా రెండూ వచ్చేస్తాయి. టేకు అర ఘనపు మీటరు వాడినా 300 కిలోలు దాటుతుంది. ఐదడుగుల గ్రానైటు గట్టు 50 కిలోలు. నీళ్ళు 400 కిలోలు.

ఐదు టన్నులు మోసే బండికి ఇదొక బరువా అని మీకు అనిపించవచ్చు, నాకూ అలాగే అనిపించింది. నిజానికి ఇరుసుల మీది కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) ఇంతకన్నా ఎక్కువే మోస్తాయి, తేలిక బరువుకు ఆ కట్టలు గట్టిగా ఉండి లోపలి గిన్నెలన్నీ ఎగిరిపడతాయి కూడా. బరువు ఎంత అన్నదానికన్నా అది ఎంత ఎత్తున ఉంది, ఏ ఇరుసు మీద పడుతోంది అన్నదే అసలు సంగతి. చాసీయే నేల నుంచి నాలుగడుగుల ఎత్తు, దాని మీద ఇనుప కప్పు, కప్పు మీద ఏసీ పెట్టారంటే కాలువ గట్టు మలుపులో బండి ఒరిగే తీరు చూసి మీరే దిగిపోతారు. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు గది అడుగున రెండు ఇరుసుల మధ్య ఉండాలి. కప్పు అన్నిటికన్నా తేలికగా ఉండాలి. చాసీ కొన్న రోజున, చట్రం ఎక్కించాక, గది ఎక్కించాక, సామాను నింపాక, ప్రతిసారీ బండిని కాటాకు తీసుకువెళ్ళి ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, ఎడమ పక్క విడిగా తూయించి పుస్తకంలో రాసుకోండి. నా మొదటి బాడీలో వంటగది, నీళ్ళు, బీరువా అన్నీ ఎడమ పక్కకే చేరిన సంగతి కాటా మీదే బయటపడింది.

మన దారుల గురించి ఒక మాట చెప్పాలి. ఇంజిను నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని ఒండ్రు నేలలో దిగవద్దు. వరి చేను పక్క పుంతలో వాన పడిన మరునాడు ఈ బండి ఇరుసు దాకా దిగబడుతుంది, నాలుగు చక్రాలూ తిరిగితే నాలుగూ దిగుతాయి. చేపల చెరువుల గట్లు, కాలువ గట్లు పైకి ఆరినట్టు కనిపించినా అంచు మెత్తగా ఉంటుంది. లాకుల దగ్గర పాత వంతెనల మీద రాసి ఉన్న బరువు పరిమితి చదివి, మీ కాటా చీటీతో పోల్చుకున్నాకే ఎక్కండి. నరసాపురం రేవులో నది దాటించే పంటు మీద ఎక్కించే ఆలోచన పెట్టుకోకుండా చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్ళడమే మంచిది. ఎత్తు కూడా పదకొండు అడుగుల దగ్గర ఆపండి. మన ఊరి వీధుల్లో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకు తెలియనిది కాదు.

తాళ్ళరేవు పడవ రాశారు:

మా ఇంట్లో మూడు తరాలుగా పడవలు కడుతున్నారు. నేను ఇప్పుడు ఫైబర్ పడవలు చేస్తున్నాను. లారీల గురించి నాకు తెలియదు గాని, ఉప్పుగాలిలో నీళ్ళ మధ్య బతికే పెట్టెను ఎలా కట్టాలో తెలుసు, మాస్టారు కట్టబోయేది కూడా అటువంటిదే.

మన దగ్గర శత్రువు వాన కాదు, చెమ్మ. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి పీలుస్తూ, తెల్లవారి అన్నం వండితే ఆ ఆవిరి ఎక్కడ చల్లని ఇనుము దొరికితే అక్కడ నీరై కూర్చుంటుంది. ఫోము గోడ మధ్యలో ఒక్క ఇనుప కమ్మీ లోపలి నుంచి బయటి దాకా వెళ్ళినా ఆ గీత వెంట చెమట కారుతుంది, దాని వెనక చెక్క కుళ్ళుతుంది, అది బయటికి కనిపించేసరికి రెండేళ్ళు గడిచిపోతాయి. అందుకని చట్రం లోపలి వైపే ఉండాలి, లేదా ప్యానెల్‌ను ప్యానెల్‌కే అంటించి ఇనుము లేకుండా కట్టాలి. కిటికీకి, గొట్టానికి, స్క్రూకి వేసే ప్రతి రంధ్రం అంచునూ ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో మూసెయ్యాలి. పడవలో మేము రంధ్రం కావలసిన దానికన్నా పెద్దదిగా వేసి, ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక దానిలో అసలు రంధ్రం వేస్తాం. ఆ పనికి ఓపిక కావాలి, కానీ చెక్కకు నీరు తగిలే దారి ఉండదు. అల్యూమినియం పలకను ఇనుము మీద నేరుగా బిగించకండి. ఉప్పుగాలిలో ఆ రెండూ తగిలిన చోట అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది, మధ్యలో రబ్బరు పట్టీ తప్పనిసరి. అడుగు చట్రాన్ని రెడాక్సైడ్ పూసి వదిలెయ్యకుండా వేడి జింకులో ముంచి తీయించండి. అడుగున పెట్టే ఖర్చుకు ఎన్నడూ బాధపడనక్కర లేదు.

మీ టేకు మీద మీకున్న ప్రేమ నాకు అర్థమవుతుంది. దొడ్లో పెరిగిన చెట్టు కదా. దానితో మంచం పట్టెలు, బల్ల అంచులు, తలుపు చట్రం చేయించుకోండి, బీరువా పలకలకు మాత్రం పలచటి మెరైన్ ప్లై వాడండి. గ్యాసు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, కారితే నేల మీదే పేరుకుంటుంది. సిలిండరు గదికి గది లోపలి నుంచి సందు ఉండకూడదు, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి.

రాజోలు మాస్టారు రాశారు:

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ మా ఇద్దరి కృతజ్ఞతలు. లెక్క నేర్పే నేను బరువు లెక్క వేయకుండానే బొమ్మ గీసినందుకు చింతిస్తున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. కప్పు మీద ఏసీ బరువు వద్దంటే, అది లేకుండా మే నెలలో మన ఉక్క ఎలా భరించాలి? వరద రోజుల్లో ఈ బండి నీళ్ళలో ఎంత లోతు వరకు వెళ్ళగలదు?

కాలువగట్టు రాశారు:

ఏసీ లెక్క చెబుతాను. సైనిక బండిలో కరెంటు 24 వోల్టులు. అదే వోల్టేజిలో 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడితే చేతిలో ఉండేది సుమారు రెండున్నర యూనిట్లు. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు రాత్రంతా తిరిగితే అర యూనిట్టు, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్జు రోజుకు మరో అర యూనిట్టు, దీపాలు, ఫోన్లు కొద్దిగా. కప్పు మీద 400 వాట్ల పలకలు ఎండ రోజున దీన్ని సునాయాసంగా తిరిగి నింపుతాయి, ముసురు రోజున ఇంజిను నడిచేటప్పుడు నింపుకోవచ్చు. టన్ను ఏసీ ఒక్క రాత్రికే నాలుగైదు యూనిట్లు తాగుతుంది. దాని కోసం బ్యాటరీ, పలకలు పెంచుకుంటూ పోతే మళ్ళీ బరువు మీదికి వస్తాం. నేను సోలార్ పలకలను కప్పుకు నాలుగంగుళాలు పైకి ఎత్తి పెట్టాను. ఎండ పలకలకు తగిలి మధ్య నుంచి గాలి పోతుంది, అవే రెండో కప్పులా పనిచేస్తాయి. ఎదురెదురు కిటికీలు, దోమ తెరలు, కప్పులో గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉంటే రాత్రి నిద్ర పడుతుంది. మే నెలలో మాత్రం మేము అరకు వైపే ఉంటాం. నీడ ఉంది కదా అని కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ ఆపకండి.

గూడెం హవల్దార్ రాశారు:

వరద గురించి నేను చెప్పాలి, మాస్టారూ, ఎందుకంటే ఈ ఆలోచనలో నన్ను కలవరపెట్టినది అదొక్కటే. సైనిక లారీ నిలిచిన నీళ్ళలో మంచి లోతు దాటుతుంది, నేను దాటించాను. కానీ ముందు మనిషి కర్ర పట్టుకొని నడిచి అడుగు నేల చూసిన తరువాతే దాటించేవాళ్ళం. గోదావరి వరద నిలిచిన నీరు కాదు. ప్రవాహం వేగం రెండింతలైతే బండి మీద దాని తోపు నాలుగింతలవుతుంది, మీ గది గోడలు ఆ తోపుకు తెరచాపలా ఎదురు నిలుస్తాయి. గట్టు అంచు ఎక్కడ తెగిందో ఎర్ర నీళ్ళలో ఎవరికీ కనిపించదు. ఇరుసుల గాలి రంధ్రాల్లో నుంచి నీరు చేరితే లోపలి క్రౌన్ ఆయిల్ పాలలా తెల్లబడి, అలాగే నడిపితే బేరింగులు పోతాయి.

ఈ బండి మీకు వరదలో పనికివచ్చేది నీళ్ళు రాకముందే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక రోజునే సామాను, మందులు, ఇంటి పత్రాలు ఎక్కించుకొని, రోడ్డు పొడిగా ఉండగానే తాడేపల్లిగూడెం వైపు మెరకకు వచ్చేయండి. మా ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, మీ ఇద్దరూ ఎన్ని రోజులైనా అక్కడ బండి నిలుపుకోవచ్చు.

రాజోలు మాస్టారు రాశారు:

మీ మాటకు నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది, హవల్దార్ గారూ. ఈ ఉదయం శక్తిమాన్ వ్యాపారిని అసలు అమ్మకపు పత్రం చూపించమని అడిగాను. నకలు మాత్రమే ఉందన్నారు, కాబట్టి ఆ బేరం వదిలేశాను. వేలంలో ఎల్‌పీటీఏ 713 కోసం చూడమని మా అబ్బాయికి చెప్పాను. ఈలోగా కొత్త పటం గీశాను. అందులో గది పన్నెండు అడుగులకు తగ్గింది, నీళ్ళు 200 లీటర్లు అడుగున ఇరుసుల మధ్యకు వచ్చాయి, గ్రానైటు స్థానంలో స్టీలు పలక, టేకు తలుపు చట్రానికీ మంచానికీ మాత్రమే. ఒక్కొక్క వస్తువు బరువు, అది నేల నుంచి ఎంత ఎత్తున, వెనక ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉంటుందో పక్కన రాసుకుంటున్నాను. సోమవారం ఆ కాగితాలతో అమలాపురంలో రవాణా శాఖ కార్యాలయానికి వెళుతున్నాను. వారి జవాబు చేతికి రాగానే ఇక్కడ రాస్తాను.